1900–1930 నాటి నర్సింగ్ పుస్తకాలు: గ్రెయిన్లు, మినిములు, ద్రావణాలు ఎలా చదవాలి, దేన్ని ఎంతవరకు నమ్మాలి?

మీరు ఎం.ఎస్సీ. నర్సింగ్ డిసర్టేషన్ కోసం 1900–1930 మధ్య అమెరికా, ఇంగ్లండ్ నర్సింగ్ పుస్తకాలు కొన్ని దించుకున్నారు. వాటిలో మోతాదులు, ద్రావణాల లెక్కలు ఒకదానికొకటి పొసగడం లేదన్నారు. అప్పటి విద్యార్థినులు ఏం నేర్చుకున్నారో ఈ పుస్తకాల ఆధారంగానే రాసేయొచ్చా అని కూడా అడిగారు. దీన్ని మన తెలుగు ప్రాంతంతో కలపాలనీ ఉందన్నారు. రెండోదానికి ముందు చెప్తాను: ఒక్క పుస్తకాల మీదే ఆధారపడి రాయకండి. వార్డులో ఏం జరగాలో పుస్తకం చెప్తుంది. ఏం జరిగిందో తెలియాలంటే పత్రికలు, నివేదికలు పక్కన పెట్టుకోవాల్సిందే. ఇక లెక్కలు పొసగకపోవడంలో చాలావరకు పుస్తకాల తప్పు లేదు. ఎవరి పైంటు, ఏ ఏటి కూర్పు అన్నది చూసుకోకుండా పోల్చడం వల్ల వచ్చే చిక్కు అది.

ముందు ఆ పుస్తకాలు ఎవరివో చూద్దాం. ఇసబెల్ హాంప్టన్ 1893లో నర్సింగ్ సూత్రాల మీద రాసింది జాన్స్ హాప్కిన్స్ ఆస్పత్రి స్కూలును నడుపుతూ. లవీనియా డాక్ 1890లోనే నర్సులకోసం మెటీరియా మెడికా (మందుల గురించిన పాఠ్యపుస్తకం) రాసింది. ఆనా మాక్స్‌వెల్, ఏమీ పోప్ కలిసి రాసిన ప్రాక్టికల్ నర్సింగ్ 1907ది. మాక్స్‌వెల్ న్యూయార్క్ ప్రెస్బిటీరియన్ ఆస్పత్రి స్కూలుకు పెద్ద. బెర్తా హార్మర్ పుస్తకం 1922లో వచ్చింది. వీళ్లంతా పెద్ద ఆస్పత్రుల మనుషులు. అమెరికాలో 1900 నాటికే 432 నర్సింగ్ స్కూళ్లున్నాయి, 1910కల్లా వెయ్యి దాటాయి. వాటిలో చాలావాటిని చిన్న ఆస్పత్రులు తెరిచాయి. కారణం చదువు మీద ప్రేమ కాదు. స్కూలు పెడితే జీతమివ్వకుండా, నెలకు కొద్ది డాలర్ల అలవెన్సుతో వార్డులన్నీ నడుస్తాయి. పగలు పది, పన్నెండు గంటలు డ్యూటీ, రాత్రి డాక్టరుగారి లెక్చరు. కొన్నిచోట్ల విద్యార్థినిని ప్రైవేటు ఇళ్లకు పంపి, ఆ ఫీజు ఆస్పత్రే వేసుకునేది. జాన్స్ హాప్కిన్స్‌లో హాంప్టన్ తర్వాత ఆ స్కూలును నడిపిన ఎడిలైడ్ నటింగ్ 1890ల మధ్యలోనే మూడేళ్ల కోర్సు, ఎనిమిది గంటల పని తెచ్చిందంటే దాన్ని అప్పటి సగటుగా లెక్కపెట్టకూడదు. ఆమె పుస్తకాలు, ఆమె స్నేహితురాళ్ల పుస్తకాలు చదివి దేశమంతా అలాగే ఉండేదనుకోవడం డిసర్టేషన్లలో తరచూ కనిపించే పొరపాటు.

ఇప్పుడు కొలతలు. గ్రెయిన్ అంటే సుమారు 65 మిల్లీగ్రాములు. 60 గ్రెయిన్లు ఒక డ్రామ్. అమెరికా మందుల కొలతలో 8 డ్రాములు, అంటే 480 గ్రెయిన్లు, ఒక ఔన్సు. 31 గ్రాములకు కాస్త ఎక్కువ. బ్రిటిష్ ఫార్మకోపియా (మందుల అధికారిక గ్రంథం) వాడే ఔన్సు మాత్రం 437.5 గ్రెయిన్లు, 28.35 గ్రాములు. ద్రవాలకు మినిము, అరవై మినిములు ఒక ఫ్లూయిడ్ డ్రామ్, ఎనిమిది ఫ్లూయిడ్ డ్రాములు ఒక ఫ్లూయిడ్ ఔన్సు. మినిముకు సుమారు 0.06 మిల్లీలీటరు వేసుకోండి. పైంటు దగ్గర గొడవ ఇంకా పెద్దది: అమెరికాది 16 ఔన్సులు (473 మి.లీ.), ఇంపీరియల్ పైంటు 20 ఔన్సులు (568 మి.లీ.).

మందుల చీటీలో మూడు అంకెలా కనిపించే గుర్తు డ్రామ్. దాని నెత్తిన ఇంకో మెలిక ఉంటే ఔన్సు. స్కాన్ చేసిన పుస్తకాన్ని కంప్యూటర్ అక్షరాలుగా మార్చినప్పుడు ఈ రెండు గుర్తులూ 3 గానో, 5 గానో పడతాయి. అందుకని మోతాదు ఎక్కడ కనిపించినా అక్షర రూపాన్ని నమ్మకుండా పేజీ బొమ్మ తెరిచి చూడాలి. గ్రెయిన్, గ్రాము పొట్టిరూపాలు కూడా దాదాపు ఒకేలా ఉంటాయి. అక్కడ పొరబడితే తేడా పదిహేను రెట్లు. 1920లకు వచ్చేసరికి పుస్తకాల్లో రెండు పద్ధతులూ పక్కపక్కన వేయడం మొదలైంది, మెట్రిక్ అంకె ఉంటే దాన్నే పట్టుకోండి.

చుక్కకూ మినిముకూ కూడా తేడా ఉంది. నీళ్లయితే చుక్క, మినిము రమారమి ఒకటే. ఆల్కహాల్‌తో చేసిన టింక్చర్లలో చుక్క చిన్నది, ఒక మినిముకు రెండు చుక్కల పైనే పడతాయి. అందుకే మంచి పుస్తకాలన్నీ మినిము గీతలున్న గ్లాసుతో కొలవమంటాయి, చుక్కలు లెక్కపెట్టొద్దంటాయి.

అప్పటి విద్యార్థినిని పరీక్షల్లో ఎక్కువగా తిప్పలు పెట్టింది ఇంజెక్షన్ బిళ్ల లెక్క. ఆంప్యూళ్లు (ఇంజెక్షన్ మందు నింపి మూసిన గాజు సీసాలు) అరుదు, బిళ్లను నీళ్లలో కరిగించి సిరంజిలోకి తీయాలి. ఉన్నది 1/4 గ్రెయిన్ మార్ఫిన్ బిళ్ల, డాక్టరు రాసింది 1/6 గ్రెయిన్. రాసిందాన్ని ఉన్నదానితో భాగిస్తే 2/3. బిళ్లను 24 మినిముల నీళ్లలో కరిగించి, 16 మినిములు ఇచ్చి, 8 పారబోయాలి. ఇంతవరకు సులువే. చిక్కెక్కడంటే, నీళ్లను స్పిరిట్ దీపం మీద చెంచాలో మరిగించేవాళ్లు. 24 మినిములు ముందే కొలిచి మరిగిస్తే ఆవిరై 20 మిగలొచ్చు. అందులోంచి 16 తీసి ఇస్తే రోగికి వెళ్లింది 1/6 కాదు, 1/5 గ్రెయిన్. మరిగించాకే కొలవమని పుస్తకాల్లో ఉండే వాక్యం వెనకున్న లెక్క ఇదే. భిన్నాల్లో ఇంకో ప్రమాదం: స్ట్రిక్నిన్ 1/30, 1/60 పక్కపక్కన చూస్తే 60 పెద్దదనిపిస్తుంది. నిజానికి 1/30 గ్రెయిన్ రెండు మిల్లీగ్రాముల పైన, 1/60 అందులో సగం.

ద్రావణాలకు వద్దాం, మీరు పొసగడం లేదన్న లెక్కల్లో ఎక్కువగా ఇవే ఉంటాయి. క్రిములను చంపే పాదరసపు మందు బైక్లోరైడ్ ఆఫ్ మెర్క్యురీ 1:1000 (వెయ్యి వంతుల నీళ్లకు ఒక వంతు మందు) చేయడానికి ఒక పుస్తకం పైంటుకు 7.3 గ్రెయిన్ల బిళ్ల ఒకటి అంటుంది, ఇంకోటి 8.75 గ్రెయిన్లు అంటుంది. రెండూ కరెక్టే. అమెరికా పైంటు నీళ్లు సుమారు 7,291 గ్రెయిన్ల బరువు, ఇంపీరియల్ పైంటు 8,750 గ్రెయిన్లు. వెయ్యితో భాగించి చూడండి. అమెరికా బిళ్లను ఇంగ్లిష్ పైంటులో వేస్తే 1:1200 అవుతుంది, ఇంగ్లిష్ బిళ్లను అమెరికా పైంటులో వేస్తే 1:830 దాకా చిక్కబడుతుంది. చేతులు కడుక్కోవడానికి ఈ తేడా పెద్ద లెక్కలోది కాదు గానీ, శరీరం లోపలి భాగాలు కడిగే పలచటి ద్రావణాలను దీన్నుంచే చేసేవాళ్లు కాబట్టి అక్కడ పట్టించుకోవాల్సిందే. ఈ మందు లోహాన్ని తినేస్తుంది, అందుకని కత్తులకు, కత్తెరలకు పనికిరాదు. రక్తం, చీము, మలం ఉన్నచోట ప్రోటీన్‌తో కలిసి గడ్డకట్టి బలం పోగొట్టుకుంటుంది. నీళ్లలా కనిపించి ఎవరూ తాగేయకుండా బిళ్లలకు నీలం రంగు కలిపేవాళ్లు.

ఇంకో క్రిమిసంహారిణి కార్బాలిక్ యాసిడ్ (ఫినాల్) 1:20 అంటే అయిదు శాతం. ఇంగ్లండులో ఇది నోటిలెక్క: ఒక ఔన్సు యాసిడ్‌కు నీళ్లు కలిపి మొత్తం ఒక పైంటు చేస్తే చాలు, పైంటుకు ఇరవై ఔన్సులే కదా. అదే వాక్యాన్ని అమెరికా కొలతలో పాటిస్తే 1:16 వస్తుంది. అక్కడ క్వార్టుకు (రెండు పైంట్లకు) సుమారు 13 డ్రాములు వేయాలి. కరిగించడంలోనూ పద్ధతి ఉంది. చన్నీళ్లలో పోస్తే నూనెబొట్లలా అడుగుకు దిగి మిగిలిపోతుంది. ఆ బొట్టు తగిలిన చోట చర్మం తెల్లబడి, మొద్దుబారి, తర్వాత కాలుతుంది. నొప్పి వెంటనే తెలియకపోవడమే దానిలో ప్రమాదం. వేడినీళ్లు కొద్దికొద్దిగా పోస్తూ, అంతా కరిగేదాకా బాగా కలిపాకే మిగతా నీళ్లు చేర్చాలి. చర్మం మీద పడితే ఆల్కహాల్‌తో తుడవమని అప్పటి సలహా. వేలికి కార్బాలిక్ తడికట్టు కట్టి ఉంచితే వేలు కుళ్లిపోయిన సంఘటనలు వైద్య పత్రికల్లోకి ఎక్కాక, పలచటి ద్రావణంతో అయినా తడికట్టు వద్దని పుస్తకాలు మారాయి. మీ దగ్గరున్న కూర్పుల్లో ఆ హెచ్చరిక ఎప్పుడు మొదలైందో చూడండి, ఒక ఫుట్‌నోటుకు సరిపోయే విషయం.

పుస్తకం ఏ ఏటిదన్నది మోతాదుల్లో ఎంత తేడా తెస్తుందో ఒక్క ఉదాహరణ చాలు. అకొనైట్ టింక్చర్, అంటే వత్సనాభి. 1905లో అమల్లోకి వచ్చిన అమెరికా ఫార్మకోపియా ఎనిమిదో కూర్పు దాని బలాన్ని 35 శాతం నుంచి 10 శాతానికి తగ్గించింది, దేశదేశాల్లో ఘాటు మందుల బలం ఒకేలా ఉండాలన్న 1902 బ్రస్సెల్స్ ఒప్పందాన్ని అనుసరించి. కాబట్టి 1905కి ముందు పుస్తకంలోని మినిము, తర్వాతి పుస్తకంలోని మినిము ఒకటి కావు, మధ్యలో మూడున్నర రెట్ల తేడా. పాత పుస్తకం పట్టుకుని కొత్త సీసాలోంచి ఇచ్చిన నర్సు తక్కువ మందిచ్చినట్టు. తిరగేస్తే ప్రాణం మీదికి వస్తుంది. తొలిపేజీ వెనకనున్న కాపీరైట్ వివరాలు చూడకుండా మోతాదు ఎత్తిరాయకండి. అక్కడ కూడా పునర్ముద్రణ తేదీ వేరు, సవరించిన కూర్పు తేదీ వేరు. హార్మర్ పుస్తకమే 1922, 1928, 1934లలో మూడు కూర్పులు చూసింది. 1939 నాటి నాలుగోదానికి వర్జీనియా హెండర్సన్ చెయ్యి తోడైంది. పేరొకటే అయినా పుస్తకాలు వేరు.

పట్లు (ఒంటి మీద వేసే పిండిముద్దలు), పథ్యం గురించి ఎక్కువ చెప్పను, మీకు అవి సులువుగానే అర్థమవుతాయి. ఆవపిండి పట్టుకు పెద్దలకైతే ఒక వంతు ఆవపిండికి నాలుగు నుంచి ఆరు వంతుల గోధుమపిండి, పిల్లలకు ఎనిమిది, పది వంతులు. గోరువెచ్చని నీళ్లతోనే కలపాలి; మరిగే నీళ్లు పోస్తే ఘాటు పుట్టించే ఎంజైము చచ్చి పట్టు ఉత్త పిండిముద్ద అవుతుంది. అవిసె పట్టుకు ఇది తలకిందులు, దానికి మరిగే నీళ్లే కావాలి. ఆవపిండి పట్టు కింద చర్మాన్ని నాలుగైదు నిమిషాలకోసారి ఎత్తి చూడాలి, ఎర్రబడగానే తీసేయాలి, లేకపోతే బొబ్బలు. జబ్బుపడ్డవాళ్లకిచ్చే పెప్టొనైజ్డ్ పాలు (ముందే కొంత జీర్ణం చేసినవి) పైంటుకు 5 గ్రెయిన్ల పాంక్రియాటిన్ అనే జీర్ణరసం పొడి, 15 గ్రెయిన్ల వంటసోడా, పావు పైంటు నీళ్లతో 115 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర పది, ఇరవై నిమిషాలు ఉంచి చేస్తారు. సమయానికి మరిగించో, ఐసు మీద పెట్టో ఆపకపోతే పాలు చేదెక్కి రోగి నోట్లో పెట్టుకోడు.

టైఫాయిడ్ దగ్గర మాత్రం ఆగాలి, పుస్తకానికీ వార్డుకూ మధ్య ఎడం అంకెల్లోనే తేలేది అక్కడే. స్టెట్టిన్ వైద్యుడు ఎర్నస్ట్ బ్రాండ్ పేరు మీద చలామణి అయిన చన్నీళ్ల స్నానం అప్పటి పుస్తకాలన్నిట్లో ఉంటుంది. జ్వరం 102.5 డిగ్రీలకు అటూఇటూ దాటినప్పుడల్లా, మూడు గంటలకోసారి, రోగిని 65–70 డిగ్రీల నీళ్లున్న తొట్టిలో పదిహేను, ఇరవై నిమిషాలు ఉంచి, ఆసాంతం ఒళ్లు రుద్దుతూ ఉండాలి. రుద్దడం ఆపితే చర్మానికి రక్తం రాక వణుకు మొదలవుతుంది, లోపలి వేడి దిగదు. ఇప్పుడు లెక్క వేయండి. జ్వరం దిగని రోగికి రోజుకు ఎనిమిది స్నానాలు. వార్డులో అలాంటివాళ్లు పదిమంది ఉంటే ఎనభై. ఎత్తడానికి, రుద్దడానికి కనీసం ఇద్దరు కావాలి. పడక సర్దడంతో కలిపి ఒక్కో స్నానానికి అరగంట అనుకుంటే రోజుకు 80 మనిషి-గంటలు. పన్నెండు గంటల డ్యూటీలో దాదాపు ఏడుగురు విద్యార్థినులు వేరే పనేమీ లేకుండా ఇదొక్కటే చేయాలి. ఇరవై పడకల ఆస్పత్రిలో మొత్తం విద్యార్థినులే అంతమంది ఉండేవాళ్లు కాదు. అలాంటిచోట తడిగుడ్డతో ఒళ్లు తుడవడమే దిక్కు. కనుక "అప్పటి నర్సులు బ్రాండ్ స్నానం చేయించేవారు" అని రాసే ముందు ఏ ఆస్పత్రి, ఎన్ని పడకలు, ఎంతమంది విద్యార్థినులు అన్నది వెతకండి. ఇతర విధానాలకూ ఇదే లెక్క వేసి చూడొచ్చు.

ఆ వెతుకులాటకు బాగా పనికొచ్చేది 1912లో అమెరికా విద్యా బ్యూరో వేసిన నటింగ్ బులెటిన్, నర్సింగ్ చదువు స్థితిగతుల మీద. స్కూళ్ల నుంచి తెప్పించుకున్న వివరాలతో రాసింది కాబట్టి పాఠ్యపుస్తకాల్లోని ఆదర్శం దీనిలో కనిపించదు. 1917లో నేషనల్ లీగ్ ఆఫ్ నర్సింగ్ ఎడ్యుకేషన్ వేసిన స్టాండర్డ్ కరిక్యులం మళ్లీ ఆదర్శమే. 1927, 1937లలో దాన్ని తిరగరాశారు. మూడింటినీ పక్కపక్కన పెట్టి ఏ సబ్జెక్టు గంటలు పెరిగాయో, ఏవి తగ్గాయో చూడటం మీ అధ్యాయానికి మంచి వెన్నెముక అవుతుంది. ఆ మధ్యలో 1923 నాటి గోల్డ్‌మార్క్ నివేదిక ఉంది. రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ డబ్బుతో, యేల్ ప్రజారోగ్య ఆచార్యుడు విన్స్లో అధ్యక్షుడుగా ఉన్న కమిటీకి జోసెఫీన్ గోల్డ్‌మార్క్ 23 స్కూళ్లు పరిశీలించి రాసింది. విద్యార్థిని రోజులో ఎంతసేపు నేర్చుకుంటోంది, ఎంతసేపు గిన్నెలు, గుడ్డలు సర్దుతోంది అన్నది దానిలో దొరుకుతుంది. నా దృష్టిలో మీరు చదవాల్సిన మొదటి పుస్తకం అదే, పాఠ్యపుస్తకాలకంటే ముందు. అదే ఏడు యేల్‌లో ఆనీ గుడ్రిచ్ డీన్‌గా నర్సింగ్ స్కూలు మొదలైంది. ఆ తర్వాత మే ఎయర్స్ బర్జెస్ 1928లో అచ్చు వేసిన పుస్తకం నర్సుల సంపాదన, నిరుద్యోగం మీద.

పత్రికల్లో అమెరికన్ జర్నల్ ఆఫ్ నర్సింగ్ 1900 అక్టోబరులో మొదలైంది. 1920లో చనిపోయేదాకా సోఫియా పామర్ ఎడిటర్. నర్సుల సొంత పత్రిక, కనుక రిజిస్ట్రేషన్ పోరాటం (శిక్షణ పొందిన నర్సుల పేర్లు చట్టప్రకారం నమోదు కావాలన్నది) దాని ఊపిరి. అమెరికాలో మొదటి రిజిస్ట్రేషన్ చట్టం 1903లో నార్త్ కరోలినాది. అదే ఏడు న్యూజెర్సీ, న్యూయార్క్, వర్జీనియా కూడా చేశాయి. అయితే ఆ తొలి చట్టాలు బిరుదును మాత్రమే కాపాడాయి. రిజిస్టర్ కాకుండా పని చేయకూడదని ఎవరినీ ఆపలేదు. ఇంగ్లండులో ఎథెల్ బెడ్‌ఫర్డ్ ఫెన్విక్ నడిపిన బ్రిటిష్ జర్నల్ ఆఫ్ నర్సింగ్ (1902కి ముందు పేరు నర్సింగ్ రికార్డ్) రిజిస్ట్రేషన్ కోసం 1919 చట్టం వచ్చేదాకా రాస్తూనే ఉంది. ఆమె రాతల్లో ఎదుటిపక్షానికి న్యాయం జరగదు. అందుకని అదే వారం నర్సింగ్ టైమ్స్ (1905 నుంచి) కూడా చూడాలి. నల్లజాతి నర్సుల సంగతి ఈ పత్రికల్లో నామమాత్రం. వాళ్లు 1908లో వేరే సంఘం పెట్టుకోవాల్సి వచ్చింది, దాని కథకు 1929లో ఏడా థామ్స్ రాసిన పుస్తకమే దారి.

పత్రికల్లో వ్యాసాలకంటే పాఠకుల ఉత్తరాలు ముందు చదవండి. పుస్తకంలోని పద్ధతి తమ ఊళ్లో ఎందుకు కుదరలేదో నర్సులు రాసేది అక్కడే. ప్రకటనలూ సాక్ష్యమే, కానీ బైండు చేసేటప్పుడు ఆ పేజీలు తీసేసిన సంపుటాలు చాలా ఉన్నాయి. మీ స్కాన్‌లో ప్రకటనలు లేకపోతే పత్రికలోనే లేవనుకోవద్దు. సంఘాల పేర్లు మారడం కూడా వెతుకులాటను దెబ్బతీస్తుంది. 1893 నాటి సూపరింటెండెంట్ల సొసైటీయే 1912 నుంచి నేషనల్ లీగ్. అసోసియేటెడ్ ఆలమ్ని 1911లో అమెరికన్ నర్సెస్ అసోసియేషన్ అయింది. "స్టూడెంట్ నర్స్" అని వెతికితే 1915కి ముందు తక్కువే వస్తాయి. "ప్యూపిల్ నర్స్", "ప్రొబేషనర్", "ట్రెయినింగ్ స్కూల్" అని కూడా వెతకండి.

మన ప్రాంతంతో కలపాలనుకుంటున్నారు కాబట్టి చివరగా ఒక మాట. గుంటూరులో 1883 నుంచి పనిచేసిన అమెరికన్ లూథరన్ మిషన్ వైద్యురాలు ఆనా కుగ్లర్ 1898లో ఆస్పత్రి తెరిచింది. ఇలాంటి మిషన్ ఆస్పత్రుల్లో నేర్పిన మనిషి అమెరికన్ అయినా, దేశంలో చెల్లిన అధికారిక కొలత ఇంపీరియల్. కాబట్టి మిషన్ కాగితాల్లో పైంటు, ఔన్సు కనిపిస్తే ఏది అన్నది పైన చెప్పిన లెక్కతో తేల్చుకోవాలి, బైక్లోరైడ్ 1:1000కు పైంటుకు 8.75 గ్రెయిన్లంటే ఇంగ్లిష్, 7.3 అంటే అమెరికన్. భారతదేశంలో నర్సింగ్ సూపరింటెండెంట్ల సంఘం 1905లో లక్నోలో, ట్రెయిన్డ్ నర్సెస్ అసోసియేషన్ 1908లో పుట్టాయి, 1922లో కలిసిపోయాయి. వాళ్ల పత్రిక నర్సింగ్ జర్నల్ ఆఫ్ ఇండియా 1910 ఫిబ్రవరి నుంచి వచ్చింది. అమెరికన్ జర్నల్‌లో లవీనియా డాక్ నడిపిన విదేశీ విభాగాన్ని కూడా 1900 నుంచి వరసగా తిరగేయండి, భారతదేశం ఊసు వచ్చేది ఎక్కువగా ఆ పేజీల్లోనే. తెలుగు జిల్లాల నర్సుల రిజిస్ట్రేషన్‌కు 1926 మద్రాసు నర్సులు, మంత్రసానుల చట్టం మొదలు కాబట్టి, అంతకు ముందువాళ్ల కోసం ప్రభుత్వ రిజిస్టర్లు కాకుండా మిషన్ వార్షిక నివేదికలు వెతకాలి.